పార్కర్ రోడ్డు స్టేషను: ఒక పార్కింగ్ లాట్ చరిత్ర

అమెరికాలో మనవాళ్ళ చరిత్ర ఎవరు రాసినా గుడితో మొదలుపెడతారు. ఆ తరువాత తెలుగు సంఘం, ఆ పైన ఇండియన్ గ్రోసరీ దుకాణం, చివరికి బిర్యానీ హోటలు. అందులో తప్పేమీ లేదు. కానీ డాలస్ ఉత్తర ప్రాంతంలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాడిగా నాకు అనిపించేదేమిటంటే, మనవాళ్ళు ఎక్కడ ఇల్లు కొన్నారు, ఎక్కడ ఉద్యోగం చేశారు, ఆ రెంటికీ మధ్య ఎలా తిరిగారు అన్న సంగతి ఒక పార్కింగ్ లాట్‌ను చూస్తే తెలిసినంతగా మరెక్కడా తెలియదు. ఆ మాట మా ఆవిడతో అంటే, "మహాసభల సంచికలో అందరూ అన్నమయ్య గురించీ శ్రీనాథుడి గురించీ రాస్తారు. మీరు కార్లు పెట్టుకునే చోటు గురించి రాస్తానంటున్నారు. సరిపోయింది!" అంది. అయినా రాయాలనే నిశ్చయించుకున్నాను.

ఆ చోటు పేరు పార్కర్ రోడ్డు స్టేషను. ప్లేనో నగరంలో, యు.ఎస్. 75 హైవేకి తూర్పు పక్కన ఉంది. డాలస్ ఏరియా రాపిడ్ ట్రాన్సిట్, అంటే అందరం డార్ట్ అని పిలుచుకునే రవాణా సంస్థ, నడిపే రెడ్ లైను రైలుకు ఇది ఉత్తరపు కొస. సుమారు 2,000 కార్లు పట్టే స్థలం. పొద్దున్నే ఇంటి నుండి కారులో వచ్చి, ఇక్కడ కారు వదిలి, రైలెక్కి డాలస్ డౌన్‌టౌన్‌కు పోవడం, సాయంత్రం తిరిగొచ్చి కారు తీసుకుని ఇంటికి పోవడం. దీన్నే పార్క్ అండ్ రైడ్ అంటారు.

పేరు అమెరికాదే గానీ పద్ధతి మనకు కొత్తది కాదు. తెనాలి రైల్వే స్టేషను పక్కన సైకిల్ స్టాండు చూసినవారికి దీన్ని వేరుగా వివరించనక్కరలేదు. మా మేనమామ బెజవాడలో గుమాస్తా ఉద్యోగం చేసేవాడు. పల్లె నుండి సైకిల్ మీద తెనాలి వచ్చి, స్టాండులో సైకిల్ పెట్టి, నెలసరి సీజన్ పాసుతో పాసింజరు బండి ఎక్కేవాడు. స్టాండువాడు నంబరు చీటీ ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు మొహం గుర్తుపట్టి చీటీ ఇవ్వడం కూడా మానేశాడట. ఇంటికీ స్టేషనుకూ మధ్య దూరాన్ని ఎవరికివారు సొంత బండి మీద దాటుకుంటారు, ఆ పైన అందరూ ఒకే బండిలో పోతారు. సైకిలు బదులు హోండా అకార్డు, పాసింజరు బదులు రెడ్ లైను. తేడా అంతే అని మొదట్లో నేను అనుకునేవాడిని. తేడా ఇంకోటి ఉంది, అది తరువాత చెప్తాను.

ముందు ప్లేనో సంగతి. 1872లో హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్ రైలుమార్గం ఇక్కడికి వచ్చింది. మరుసటి ఏడే ప్లేనో పట్టణంగా ఏర్పడింది. అంటే ముందు రైలు, తరువాత ఊరు. చుట్టూ నల్లరేగడి నేల. గుంటూరు జిల్లావాళ్ళకు చూడగానే గుర్తుపట్టగలిగే నేల, పండింది కూడా పత్తే. ఎండాకాలంలో ఇది బీటలువారి ఇళ్ళ పునాదులు కదిలిపోవడం ఇక్కడ ఇల్లు కొన్న ప్రతివారికీ అనుభవమే గనుక దాని గురించి ఎక్కువ చెప్పను. రైతులు బండ్లలో పత్తి తెచ్చి రైలుకు ఎక్కించేవారు.

1908లో ఇంకో రైలు వచ్చింది. డాలస్ నుండి ఉత్తరాన షెర్మన్ వైపు నడిచిన విద్యుత్ రైలు. దాన్ని ఇంటర్‌అర్బన్ అనేవారు. రెండు ఊళ్ళ మధ్య నడిచే ట్రామ్ అనుకోవచ్చు. 1917 నుండి అది టెక్సస్ ఎలక్ట్రిక్ రైల్వే పేరుతో నడిచింది. పాలు, కోళ్ళు, ఉత్తరాలు, కాలేజీ పిల్లలు, డాలస్ బజారుకు పోయే ఆడవాళ్ళు, అందరూ అందులోనే. కార్లు పెరిగాయి, రోడ్లు పడ్డాయి, 1948 డిసెంబరు 31న అది ఆఖరిసారి నడిచింది. ఆనాటి ప్లేనో స్టేషను ఇప్పుడు హాగర్డ్ పార్కులో చిన్న మ్యూజియం. ఉత్తరాలు మోసిన 360 నంబరు పెట్టె కూడా అక్కడే నిలబడి ఉంది.

ఇంటర్‌అర్బన్ ఆగిపోయిన ఎనిమిది నెలలకే, 1949 ఆగస్టులో, డాలస్‌లో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మొదటి భాగం తెరిచారు. మనం రోజూ తిట్టుకుంటూ నడిపే 75 అదే. దానికి సెంట్రల్ అన్న పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. ఊరికి మధ్యలో ఉందని కాదు. డాలస్‌లో ఆ హైవే వేసింది పాత హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్ పట్టాలు పీకేసిన దారిలో. రైలు పోయింది, రైలు పేరు మాత్రం కార్లకు దక్కింది.

ఆ దారిలో పట్టాలు మాత్రమే లేవు. బానిసత్వం నుండి విముక్తులైన నల్లవారు తమ వాళ్ళను పూడ్చుకున్న ఫ్రీడ్‌మన్స్ స్మశానం కూడా ఉంది. 1940లలో దానిలో కొంత భాగం మీదుగానే రోడ్డు వేశారు. 1990లలో హైవేను వెడల్పు చేసే పని మొదలైనప్పుడు పురావస్తు శాఖవారు తవ్వి, వెయ్యికి పైగా సమాధులను గుర్తించి, ఆ అవశేషాలను పక్కన తిరిగి పూడ్చారు. 1999లో అక్కడ స్మారకం వెలిసింది. లెమన్ అవెన్యూ దగ్గర హైవే పక్కనే ఉంటుంది. గంటకు అరవై మైళ్ళ వేగంతో పోయేవాడికి కనిపించదు. రోడ్డు గురించి రాస్తూ ఈ మాట దాటేయడం నాకు మనస్కరించలేదు.

ఇక పార్క్ అండ్ రైడ్ సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జనం ఊరి బయట ఇళ్ళు కట్టుకున్నారు, ఆఫీసులు మాత్రం డౌన్‌టౌన్‌లో ఉండిపోయాయి. ఇళ్ళు ఎంత పలచగా పరుచుకున్నాయంటే బస్సు వీధి వీధీ తిరిగి జనాన్ని ఎక్కించుకుంటే తెల్లారిపోతుంది. అందుకని ఊరి అంచున, హైవే పక్కన కార్లు వదిలే చోటు కట్టి, అక్కడి నుండి తిన్నగా డౌన్‌టౌన్‌కు బస్సు వెయ్యడమే ఉపాయం. ఫెడరల్ హైవే నిధులను ఇలాంటి స్థలాలకు ప్రయోగాత్మకంగా ఖర్చుపెట్టడానికి 1968 చట్టం అనుమతించింది, 1970 చట్టం దాన్ని శాశ్వతం చేసింది. ఈ డబ్బు హైవేలకు కేటాయించిన డబ్బన్నది గమనించాలి. రవాణా బస్సులది అయినా, లెక్క రోడ్లదే. వాషింగ్టన్ దగ్గర షర్లీ హైవేలో 1969లోనే బస్సులకు ప్రత్యేకంగా ఒక దారి వదిలారు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసి పెట్రోలు బంకుల ముందు బారులు తీరినప్పుడు ఈ లాట్లకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. డాలస్‌లో కూడా 1970లలోనే అప్పటి నగర బస్సు సంస్థ గార్లండ్ వైపూ, సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే వెంటా ఇలాంటి లాట్ల నుండి బస్సులు నడిపింది.

ఈలోగా ప్లేనో ఏమైంది? 1960లో జనాభా 3,695. ఒక మాదిరి పల్లెటూరు. 1970లో 17,872. 1980కి 72,331. 2000కి 222,030. నలభై ఏళ్ళలో అరవై రెట్లు. మా ఇంజనీరింగ్ కాలేజీలో గ్రాఫు గీసి చూపిస్తే లెక్చరరు గారు "స్కేలు తప్పు వేశావోయ్" అనేవారు. ఇంతమందీ పొద్దున్నే 75 ఎక్కి దక్షిణానికి పోవాలి. ఆ హైవే కట్టింది నాలుగు వేల మంది ఉన్న ప్లేనో రోజుల్లో. అది ఎంత ఇరుకైపోయిందంటే 1990 నుండి 1999 దాకా తవ్వి మళ్ళీ కొత్తగా కట్టారు.

1983 ఆగస్టు 13న జరిగిన ఎన్నికలో డాలస్, ప్లేనో, రిచర్డ్‌సన్, గార్లండ్ మొదలైన నగరాల ఓటర్లు డార్ట్ ఏర్పాటుకు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది ఊరికే కాదు. తమ ఊళ్ళో జరిగే ప్రతి అమ్మకం మీద డాలరుకు ఒక సెంటు ఇస్తామని ఒప్పుకున్నారు. రైళ్ళు వస్తాయని ఆశ. కానీ రైళ్ళకు అప్పు తెచ్చుకునే అనుమతి అడిగితే 1988లో ఓటర్లు కాదన్నారు. ప్రణాళిక కుదించారు. కొప్పెల్, ఫ్లవర్ మౌండ్ ఊళ్ళు 1989లో బయటికి పోయాయి. ప్లేనో ఉండిపోయింది. ప్లేనోవాసులు సెంటు కడుతూనే పందొమ్మిదేళ్ళు రైలు కోసం ఎదురు చూశారు. ఆ పందొమ్మిదేళ్ళూ వాళ్ళకు దక్కింది ముఖ్యంగా బస్సులూ, ఆ బస్సులు బయలుదేరే పార్కింగ్ లాట్లూ. తూర్పున ఒకటి, పశ్చిమాన ఒకటి. పశ్చిమాన ఉన్నదానికి తరువాత కాలిన్ కౌంటీ కమిషనర్ జాక్ హాచెల్ పేరు పెట్టారు.

ఈ సెంటు దగ్గర కాస్త ఆగుదాం. మన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. టెక్సస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం దాటరాదు. అందులో 6.25 రాష్ట్రానిది. మిగిలిన రెండు సెంట్లే స్థానికం. ప్లేనోలో ఒక సెంటు నగరానికి, ఒక సెంటు డార్ట్‌కు. ఉత్తరాన ఉన్న అలెన్, మెకిన్నీ, ఫ్రిస్కో ఊళ్ళు డార్ట్‌లో లేవు. వాళ్ళు ఆ రెండో సెంటును రెండు ముక్కలు చేసి తమ ఊరి ఆర్థికాభివృద్ధి సంస్థలకు ఇచ్చుకున్నారు. ఆ డబ్బుతో కంపెనీలను పిలిచారు, పార్కులు, ఆట మైదానాలు కట్టారు. పరిమితి నిండిపోయింది గనుక ఇక డార్ట్‌లో చేరదామన్నా ఇవ్వడానికి సెంటు లేదు. అమీర్‌పేటలో ప్రెషర్ కుక్కరు కొన్నా, కూకట్‌పల్లిలో కొన్నా పన్ను ఒకే ఖజానాకు పోతుంది. ఇక్కడ మాత్రం లెగసీ డ్రైవు దగ్గర కుక్కరు కొంటే రైలుకు సెంటు, హైవే దాటి ఫ్రిస్కోలో కొంటే స్టేడియానికి సెంటు. వినియోగదారుడికి రసీదులో కనిపించేది మాత్రం రెండుచోట్లా అదే 8.25.

1980లో ఫ్రిస్కో జనాభా 3,499, అలెన్‌ది 8,314. డార్ట్‌లో చేరని ఆ రెండు చిన్న ఊళ్ళనూ అప్పుడు ఎవరూ తప్పుపట్టలేదు. 2020కి ఫ్రిస్కో 200,509, అలెన్ 104,627. ఈ పెరిగినవారిలో మనవాళ్ళ వంతు ఎంతో, దసరా సమయంలో ఫ్రిస్కోలో ఏ వీధిలోకి పోయినా తెలుస్తుంది. 1990ల చివర టెలికాం ఉద్యోగాలకు వచ్చిన తెలుగువారు మొదట రిచర్డ్‌సన్‌లో, అర్వింగ్‌లో అపార్టుమెంట్లు తీసుకున్నారు. ఇళ్ళు కొనేవేళకు ప్లేనోకు వచ్చారు. ప్లేనోలో ధరలు పెరిగేసరికి అలెన్, ఫ్రిస్కో, ఆ పైన మెకిన్నీ, ప్రాస్పర్. స్కూళ్ళు మంచివి, ఇల్లు పెద్దది, ధర తక్కువ. అంటే రైలు వచ్చే హద్దును సరిగ్గా దాటి స్థిరపడ్డాం.

డార్ట్ లైట్ రైలు 1996 జూన్ 14న డాలస్‌లో మొదలైంది. 1997లో ఉత్తరాన పార్క్ లేన్ దాకా వచ్చింది. డౌన్‌టౌన్ నుండి మాకింగ్‌బర్డ్ దాకా సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే కింద సొరంగంలో మూడు మైళ్ళకు పైగా నడుస్తుంది. అక్కడి నుండి ఉత్తరానికి వచ్చే దారి మాత్రం ఎవరిదనుకున్నారు? పాత హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్ దారే. 2002 జూలై 1న గలాటిన్ పార్క్ దాకా, 2002 డిసెంబరు 9న డౌన్‌టౌన్ ప్లేనో, పార్కర్ రోడ్డు దాకా రైలు వచ్చింది. ఇంటర్‌అర్బన్ ఆగిపోయిన 54 ఏళ్ళకు, ఇంకా మూడు వారాలు తక్కువ, ప్లేనోకు మళ్ళీ రైలు.

వచ్చిన సమయమే విచిత్రం. గలాటిన్ పార్క్ స్టేషను నోర్టెల్ భవనాల ముంగిట్లో ఉంటుంది. ఆ స్టేషను తెరిచిన మూడు వారాలకు, జూలై 21న, రిచర్డ్‌సన్‌లో పెద్ద ఆఫీసులున్న వరల్డ్‌కామ్ దివాలా పిటిషను వేసింది. నోర్టెల్ అప్పటికే వేలమందిని తీసేసింది, 2009 జనవరిలో అదీ దివాలా తీసింది. టెలికాం కారిడార్ నిండా జనం ఉన్నప్పుడు రైలు లేదు, రైలు వచ్చేసరికి కారిడార్ ఖాళీ. మన పెద్దలు పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అనేవారు. ఇక్కడ పెళ్ళయిపోయాక పల్లకీ వచ్చినట్టయింది.

ఒకే రోజు తెరిచిన ఆ రెండు ప్లేనో స్టేషన్లు రెండు రకాలు. డౌన్‌టౌన్ ప్లేనో స్టేషనుకు ప్రయాణికుల పార్కింగ్ లాట్ లేదు. పక్కనే అపార్టుమెంట్లు కట్టారు, ఇటుక రోడ్డు మీద హోటళ్ళు, దుకాణాలు, కాలినడకన వచ్చి రైలెక్కే జనం. ఒక మైలు పైన పార్కర్ రోడ్డు మాత్రం పూర్తిగా కార్ల కోసం. ఊరి జనానికి డౌన్‌టౌన్ స్టేషను, ఊరవతలి జనానికి పార్కర్ రోడ్డు అని చెప్పకుండానే చెప్పినట్టు.

నేను 2006లో వచ్చాను. ఉద్యోగం డాలస్ డౌన్‌టౌన్‌లో, కాపురం అలెన్ అపార్టుమెంటులో. నాలాంటివారు ఆ లాట్‌లో కొల్లలు. పొద్దున ఆరున్నర నుండే కార్లు వరుస కట్టేవి. రైలెక్కితే డౌన్‌టౌన్‌కు సుమారు ముప్పావుగంట. ఆ ముప్పావుగంట ఒక తెలుగు సభ. ఎవరి హెచ్ వన్ ఎక్కడ ఆగింది, గ్రీన్ కార్డు ప్రాధాన్య తేదీ ఎంత కదిలింది, ఏ బిల్డరు దగ్గర ఏ తగ్గింపు ఉంది, ఏ డాక్టరు ఫీజు తక్కువ, అన్నీ అక్కడే. ఒకే కంపార్టుమెంటులో కూర్చునేవాళ్ళం. "అన్నా, నిన్న రాలేదే?" అని అడిగేవాళ్ళు లేకపోతే కొత్త ఊళ్ళో మనిషి ఉన్నాడో లేడో ఎవరికి పడుతుంది? కారులో ఒంటరిగా పోతే రేడియో తప్ప మరెవరూ పలకరించరు. నాకు తెలిసి ఒక పెళ్ళి సంబంధం కూడా ఆ రైల్లోనే కుదిరింది. సాయంత్రం లాట్‌లో ఇంకో దృశ్యం. ఇంట్లో ఒకటే కారు ఉన్న కొత్త దంపతుల్లో భార్య కారులో పసిపాపతో వచ్చి కూర్చునేది. భర్త దిగగానే డ్రైవింగు సీటు మారేది. అమెరికాలో ఖాళీగా ఉండే పార్కింగ్ లాట్ ఎంత గొప్ప డ్రైవింగ్ స్కూలో శని, ఆదివారాల్లో ఆ లాట్ చూసినవారికి తెలుసు.

2008 వేసవిలో దేశంలో గ్యాసు సగటు ధర గ్యాలనుకు 4 డాలర్లు దాటింది. ఏడున్నరకే లాట్ నిండిపోయేది. గడ్డి మీద, గట్ల మీద, పక్క వీధుల్లో కార్లు. కార్లన్నీ ఎవరివి? డార్ట్‌కు సెంటు కట్టే ప్లేనోవాళ్ళవి కొన్నే. మిగిలినవి అలెన్, మెకిన్నీ, ఫ్రిస్కోలవి. తరువాత డార్ట్ అక్కడ మరికొంత స్థలం చేర్చింది. అంతకుముందే, 2007లో, 75 హైవేలో ఇద్దరు, అంతకు పైగా ఎక్కిన కార్ల కోసం ప్రత్యేక వరస తెరిచారు. అది అలెన్ దాకా ఉండేది. కొందరు రైలు వదిలి ఆ వరసలోకి పోయారు. అయినా లాట్ మీద ఒత్తిడి తగ్గలేదు.

ప్లేనోవారికి కోపం రావడం సహజం. ఇరవై ఐదేళ్ళుగా సెంటు కట్టి, తమ ఊళ్ళో స్టేషనుకు వెళ్తే చోటు లేదు. చోటు ఆక్రమించినవాడు రెండో సెంటుతో తన ఊళ్ళో మైదానం కట్టుకున్నవాడు. మా మేనమామ సైకిల్ స్టాండుకూ దీనికీ ఉన్న తేడా ఇదే. తెనాలి స్టాండువాడు నీది ఏ పంచాయతీ అని అడగలేదు. సైకిలుకు ఇంత అని తీసుకున్నాడు, అంతే. ఇక్కడ లాట్ ఉచితం. ఉచితమైన చోటే నువ్వెవరు అన్న ప్రశ్న పుడుతుంది.

2012లో డార్ట్ ఆ ప్రశ్నను అడిగేసింది. పార్కర్ రోడ్డుతో సహా కొన్ని లాట్లలో పార్కింగుకు రుసుము పెట్టింది. సభ్య నగరాల్లో ఉంటున్నట్టు రుజువు చూపి నమోదు చేసుకున్నవారికి ఉచితం, బయటి ఊళ్ళవారికి డబ్బు. న్యాయమైన వాటా అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. అప్పటికి నేను ప్లేనోలో ఇల్లు కొన్నాను గనుక నాకు ఉచితం. మా పాత సభలో సగంమంది డబ్బు కట్టాల్సినవారు. రైల్లో చర్చ గ్రీన్ కార్డుల నుండి దీనికి మారింది. "టికెట్టు కొంటున్నాం కదండీ, మళ్ళీ ఇదేమిటి?" అని ఫ్రిస్కో ఆయన. "టికెట్టు డబ్బుతో రైలు నడుస్తుందా సార్? మా సెంటుతో నడుస్తోంది" అని ప్లేనో ఆయన. లెక్క ప్రకారం ప్లేనో ఆయన మాటే నిజం. అమెరికాలో ఏ ఊరి రైలయినా టికెట్ల మీద బతకదు. కానీ ఫ్రిస్కో ఆయన కారు ఇక్కడ వదిలేస్తే 75 మీద ఒక కారు తగ్గింది, ఆ లాభం ప్లేనో ఆయనకూ వచ్చింది. దాన్ని ఏ రసీదులో రాయాలి? కొందరు ఇంకో స్టేషనుకు పోయారు, కొందరు మళ్ళీ హైవే ఎక్కారు. రెండేళ్ళకు, 2014లో, ఆ పద్ధతి ఎత్తేశారు.

ఈ తగవు మనకు మాత్రమే ప్రత్యేకం అనుకోనక్కరలేదు. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2024 ఆగస్టులో నాగోల్, మియాపూర్ స్టేషన్ల దగ్గర అప్పటిదాకా ఉచితంగా ఉన్న పార్కింగుకు రుసుము పెట్టబోతే ప్రయాణికులు రోడ్డెక్కారు. ఆ రెండు స్టేషన్లూ మెట్రో రెండు కొసల్లో ఉన్నవే. చివరి స్టేషనుకు ఆవలి ఊళ్ళ నుండి బండి వేసుకుని వచ్చేవాళ్ళే అక్కడా ఎక్కువ. వార్త చదివి నాకు నవ్వొచ్చింది. పార్కర్ రోడ్డు పేరు తీసి నాగోల్ అని రాసినట్టుంది.

ఇక్కడ లాట్‌ను ఖాళీ చేసింది మాత్రం రుసుము కాదు. ఉద్యోగాలు దిశ మార్చాయి. పార్క్ అండ్ రైడ్ లెక్కంతా ఒక్క ఊహ మీద నిలబడింది. ఇళ్ళు ఉత్తరాన, ఆఫీసులు దక్షిణాన. ప్లేనోలో ఆ ఊహ మొదటి నుండీ పూర్తి నిజం కాదు. ఫ్రిటో లే, ఇ.డి.ఎస్., జె.సి. పెన్నీ వంటి సంస్థలు 1980, 90లలోనే ప్లేనో పశ్చిమాన లెగసీ ప్రాంతానికి వచ్చాయి. 2017లో టయోటా వచ్చింది. ఇంకా బ్యాంకులు, బీమా కంపెనీలు. అదంతా రెడ్ లైనుకు అయిదారు మైళ్ళ దూరం. మన తెలుగువాళ్ళ ఉద్యోగాల్లో సింహభాగం అక్కడే. ఫ్రిస్కోలో ఉన్నవాడికి లెగసీ పది నిమిషాలు. వాడు రైలెందుకు ఎక్కుతాడు? పట్టాలు 1872 నాటి దారిలో పడ్డాయి, కొలువులు టోల్‌వే దారిలో పడ్డాయి. ఆ తరువాత 2020లో కరోనా. ఇంట్లోంచే పని. రెండు వేల కార్ల లాట్‌లో లైటు స్తంభాలు లెక్కపెట్టుకోవచ్చు. ఇప్పుడు జనం కొంత వచ్చారు గానీ, 2008 నాటి వరసలు లేవు.

అందుకే పాత తగవు తిరగబడింది. అప్పుడు మా లాట్‌లో పరాయివాళ్ళు నిండిపోయారన్నది ఫిర్యాదు. ఇప్పుడు లాట్ ఖాళీగా ఉంది, మా సెంటు ఎక్కడికి పోతోందన్నది ఫిర్యాదు. 2024లో బయటకొచ్చిన ఒక లెక్కల పరిశీలన ప్రకారం, 2023లో ప్లేనో నుండి డార్ట్‌కు పోయింది సుమారు 11 కోట్ల డాలర్లు, ప్లేనో కోసం డార్ట్ పెట్టిన ఖర్చు దాదాపు 4.4 కోట్లు. చిన్న తేడా కాదు. 2025 నవంబరులో ప్లేనో నగర మండలి, డార్ట్‌లో ఉండాలా వద్దా అన్న ప్రశ్నను 2026 మేలో ఓటర్ల ముందు పెట్టాలని తీర్మానించింది. సరిగ్గా దానికి ముందు, 2025 అక్టోబరు 25న, డార్ట్ సిల్వర్ లైను తెరిచింది. ప్లేనో షైలో రోడ్డు నుండి డి.ఎఫ్.డబ్ల్యు. విమానాశ్రయం దాకా 26 మైళ్ళు. డౌన్‌టౌన్‌కు పోకుండా తూర్పు నుండి పడమరకు అడ్డంగా పోయే మొదటి రైలు. ఇన్నేళ్ళకు ఉద్యోగాల దిశకు కాస్త దగ్గరగా వచ్చిన రైలు. పెళ్ళి పల్లకీ సామెత మళ్ళీ చెప్పను.

ప్లేనో పన్ను కట్టేవాడిగా నాకూ ఆ లెక్క కష్టంగానే ఉంటుంది. కానీ 11 కోట్లు, 4.4 కోట్లు అన్న లెక్కలో కనిపించని జనం ఉన్నారు. సిల్వర్ లైనులో యు.టి. డాలస్ స్టేషను ఉంది. అక్కడ చదివే మన తెలుగు పిల్లలు ఎంతమందో మీకు చెప్పనక్కరలేదు. ఆ లైను వచ్చేదాకా, కారు కొనుక్కునే వరకూ వాళ్ళకు 883 నంబరు బస్సే దిక్కుగా ఉండేది. కాలేజీ నుండి బుష్ స్టేషనుకు, అక్కడ రెడ్ లైను. కూరగాయలకూ, పార్ట్ టైము పనికీ, విమానానికీ అదే. ఇక మన తల్లిదండ్రులు. ఆరు నెలలకని వస్తారు. డ్రైవింగు రాదు. కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే ఇల్లే జైలు. మా నాన్నగారు వచ్చిన ఏడాది వారానికి రెండుసార్లు పార్కర్ రోడ్డులో దింపేవాడిని. రోజు పాసు కొనుక్కుని డౌన్‌టౌన్ లైబ్రరీకి పోయి, అక్కడ ఇంకో ఇద్దరు తెలుగు పెద్దాయనలతో కబుర్లు చెప్పుకుని సాయంత్రానికి వచ్చేవారు. ఆ ఆరు నెలలూ ఆయన "ఎప్పుడు పంపిస్తావురా" అని అడగలేదు.

ఓటు అన్నప్పుడు వీళ్ళెవరికీ ఓటు లేదు. విద్యార్థులకు లేదు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు లేదు, గ్రీన్ కార్డు వరసలో పదిహేనేళ్ళుగా నిలబడినవారికి లేదు, అలెన్, ఫ్రిస్కోలలో ఇల్లున్నవారికి ప్లేనో ఎన్నికలో అసలే లేదు. ఓటున్న ప్లేనో తెలుగువారిలో ఎక్కువమంది లెగసీలో పనిచేస్తూ రెండు కార్లు, మూడు కార్లు ఉన్నవాళ్ళు. రైలెక్కి ఏళ్ళయింది. నాకు తెలిసినవారిలో చాలామంది ఆ సెంటును దండగ అంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ అమ్మగారిని అడిగి చూడండి.

మహాసభలకని ఎప్పుడైనా డాలస్ వచ్చి ఒక పూట ఖాళీ ఉన్నవారికి ఒక మాట. పార్కర్ రోడ్డులో కారు పెట్టండి, చోటు వెతుక్కోనక్కరలేదు. దక్షిణానికి ఒక్క స్టేషను దాటితే డౌన్‌టౌన్ ప్లేనో. దిగి కాస్త నడిస్తే హాగర్డ్ పార్కు, అందులో 1908 నాటి స్టేషను, దాని పక్కన 360 నంబరు పెట్టె. తలుపు దగ్గర నిలబడి చూస్తే వెనకనుండి రెడ్ లైను పోతూ కనిపిస్తుంది.